టైలరు గారి కాలూ, చుక్కమ్మ విత్తనమూ

ఆ ఆసుపత్రి స్కానింగు గదిలో పనిచేసే ఆవిణ్ణి అందరూ చుక్కమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతమిచ్చే వాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా కంప్యూటర్లో జనాల మెదడు బొమ్మల మీద చుక్కలు పెట్టడమే ఆవిడ పని మరి. "మా ఆవిడ అందరి బుర్రలూ చూసేస్తుంది, ఇంట్లో తన కళ్ళజోడు మాత్రం నన్నే వెతకమంటుంది" అని మొగుడు కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

ఆ చుక్క సంగతేంటంటే, మెదడులో గడ్డ ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చేసే ముందు చెయ్యి ఆడించే తీగలు లోపల ఏ దారిన పోతున్నాయో డాక్టరుకి తెలియాలి. తెలీకపోతే గడ్డతో పాటు అవీ తెగుతాయి, చెయ్యి పడిపోతుంది. అందుకని మనిషిని గొట్టం లాంటి మెషీన్లో పడుకోబెట్టి కాసేపు వేళ్ళు ఆడించమంటారు, కాసేపు ఆపమంటారు. ఆడించినప్పుడు మెదడులో ఎక్కడ పని జరిగిందో అక్కడ కంప్యూటరు ఎర్రగా చూపిస్తుంది. చుక్కమ్మ ఆ ఎరుపుని ఆనుకుని, కింద ఉన్న తెల్లటి భాగంలో చుక్క పెడుతుంది. తీగలుండేది తెల్లటి దాంట్లోనే. ఆ చుక్కనే వాళ్ళు విత్తనం అంటారు. అక్కణ్ణించి కంప్యూటరు తీగ పట్టుకుని పోయి దారంతా గీసిపెడుతుంది. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఇంకోటి మొలవదు కదా. చోటు తప్పితే వేరే తీగ వస్తుంది, చూడ్డానికి అదీ అంతే చక్కగా ఉంటుంది. అక్కడే ఉంది తంటా అంతా.

ఓ రోజు ఒక టైలరు గారొచ్చారు, భార్యతో సహా. మర్నాడే ఆపరేషన్. గడ్డ సరిగ్గా కుడిచేతిని ఆడించే చోటు పక్కన కూర్చుంది. కత్తెర పట్టే చెయ్యది.

"బాబాయ్ గారూ, కుడిచేతి వేళ్ళు మాత్రమే ఆడించాలి. తల కదపకూడదు, మాట్లాడకూడదు" అంది చుక్కమ్మ, ఆయనకి దుప్పటి కప్పుతూ.

"మాట్లాడకుండా ఉండటం నాకు అలవాటేనమ్మా. ఇంట్లో సందు దొరికితేగా."

"సందు దొరికితే మాత్రం ఏం మాట్లాడతారు, కాలరు కొలతలా?" అంది భార్య గుమ్మంలోంచి.

స్కానింగు నీళ్ళు తాగినంత తేలిగ్గా అయిపోయింది. తల వెంట్రుకవాసి కదల్లేదు. చుక్కమ్మ బొమ్మ ముందేసుకుని చూస్తే, నడినెత్తి దగ్గర ఇంత ఎరుపు, పక్కన గడ్డ దగ్గర చిన్న ఎరుపు. మామూలుగా చేతి చోటు పక్కనుంటుంది, నడినెత్తి దగ్గరుండేది కాలి చోటు. ఒక్క క్షణం వేలు ఆగింది. 'చేతి చోటుని గడ్డ ఇటు నెట్టేసి ఉంటుందిలే, పెద్ద ఎరుపు ఉండగా చిన్నదాని వెంట పడటమేంటి' అనుకుంది. పెద్దదాని కిందే విత్తనం వేసింది. తీగ జడ అల్లినట్టు కిందకి దిగింది, గడ్డకి ఎంతో ఎడంగా.

పెద్ద డాక్టరు బొమ్మ చూసి ఫోన్ చేశాడు. "భలే ఉంది. గడ్డ పక్కనంతా ఖాళీయే. రేపు ఆ పక్కనించే లోపలికి వెళ్ళిపోతాను."

చుక్కమ్మ పొంగిపోయి టీ తెచ్చుకోడానికి వరండాలోకి వచ్చింది. అక్కడ బల్ల మీద టైలరు గారు భార్య చేతిసంచికి తెగిన పట్టీ కుడుతున్నారు. పైన సూది నడుస్తోంది. కింద కుడికాలు వట్టి నేల మీద మిషను తొక్కుతోంది. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. సూది ఆగితే కాలు ఆగుతోంది, సూది కదిలితే కాలు కదులుతోంది.

చుక్కమ్మ ఖాళీ కప్పుతో ఆయన ముందు ఆగిపోయింది.

"బాబాయ్ గారూ, లోపల కూడా కాలు ఆడించారా?"

"లేదమ్మా. నువ్వు చెయ్యే కదా ఆడించమన్నావు."

"ఆయనకేం తెలుస్తుంది" అంది భార్య. "పళ్ళు తోముకుంటున్నా ఆ కాలు ఆగదు. నిద్దట్లో తొక్కి తొక్కి నా దుప్పటి కిందకి తోసేస్తారు."

కప్పు అక్కడే పెట్టేసి చుక్కమ్మ లోపలికి పరిగెత్తింది. తను గీసింది కాలి తీగ. ఆ బొమ్మ నమ్ముకుని వెళ్తే రేపు కత్తి నేరుగా చేతి తీగ మీదకే. చిన్న ఎరుపు కింద చుక్క మార్చేస్తే సరిపోతుందేమో అనుకుంది గానీ, ఒకసారి ఊహించుకునే కదా కొంప ముంచబోయింది. డాక్టరుకి ఫోన్ చేసింది.

"నా బొమ్మ తప్పు సార్. అది చూడకండి. మళ్ళీ తీస్తాను."

డాక్టరు ఒప్పుకున్నాడు. "సరే, తీయండి. ఈసారి మనిషి మొత్తాన్ని చూడండి, తలొక్కటే కాదు."

కాలు ఆపాలిగా, ఎలా? పట్టీలు కడితే ఆయన బిగుసుకుపోతున్నారు. చివరికి భార్యే లోపల కూర్చుని పట్టుకుంటానంది. మెషీను అయస్కాంతం, ఇనుము ఉండకూడదు. ఆవిడ ఒంటి మీంచి పిన్నీసులు ఊడతీస్తుంటే దుకాణం తెరిచినట్టుంది.

"ఇన్నేళ్ళ కాపరంలో చివరికి మీ కాళ్ళు పట్టించుకుంటున్నారు" అంది ఆవిడ, పాదాలు రెండూ గట్టిగా పట్టుకుని.

"మాట్లాడకూడదన్నారుగా" అన్నారాయన గొట్టంలోంచి.

ఈసారి నడినెత్తి దగ్గర ఎరుపు లేదు. గడ్డ పక్కనే వచ్చింది. చుక్కమ్మ దాని కింద తెలుపులో విత్తనం వేసింది. తీగ గడ్డ అంచుని రాసుకుంటూ, సంకలో పిల్లని ఎత్తుకున్నట్టు ఒంపు తిరిగి దిగింది. డాక్టరు ఆ బొమ్మ చూసి, వెళ్ళే దారి రెండోవైపుకి మార్చుకున్నాడు.

ఆపరేషన్ అయ్యాక చుక్కమ్మ వార్డులోకి వెళ్ళేసరికి టైలరు గారు తలకి కట్టుతో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నారు. మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారి ఎక్కింది, ఆ వెంటనే దుప్పటి కింద పాదం కదిలింది.

"మొదలెట్టారు" అంది భార్య. ఆ కాలు మీద ఒక్కటేసి, మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఎవరొచ్చినా చుక్కమ్మ దుప్పటి పైకెత్తి పాదాలు బయటపెట్టించి గానీ మెషీను మొదలెట్టదు. మొన్న ఒకావిడ నొచ్చుకుంది కూడా. "తలకి స్కానింగంటే వచ్చానమ్మా. నా కాళ్ళు శుభ్రంగానే ఉన్నాయి."