పుట్టిలో నేను వేసుకున్న పీట

నందికొండ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజుల్లో నేనక్కడ గుమాస్తాను. సెలవు రోజుల్లో చేపలు పట్టే అంజయ్యతో కలిసి, వెదురుతో అల్లిన అతని గుండ్రటి పుట్టిలో కృష్ణ మీదికి వెళ్లేవాణ్ణి. కూర్చోవడానికి అతను గడ్డి కుక్కిన గోనెసంచి వేసేవాడు. దాని మీద నాకు మోకాళ్లు పట్టేసేవి. ఒక ఆదివారం ఇంట్లోంచి ఎత్తు పీట తీసుకెళ్లాను.

"గిదేమన్న పెండ్లా సారూ, పీట మీద కూసోనీకి? ఎత్తు మీదుంటె పుట్టి ఒరుగుతది" అన్నాడు అంజయ్య.

"నీ లెక్క కింద కూసునుడు నాతోని కాదు" అని నవ్వాను.

నది మధ్యలో వల బరువెక్కింది. చూద్దామని నేను పక్కకు వంగగానే పీట జారి, పుట్టి బోల్తాపడింది. నేను పుట్టిని పట్టుకుని బతికాను. అంజయ్య తన వలలోనే చిక్కుకుని మునిగిపోయాడు.

ఒడ్డున అందరూ అడిగితే, కొలువు పోతుందన్న భయంతో, "తాగిండు, తూలి పడ్డడు" అని చెప్పాను.

"వల పట్టే దినం నా మొగడు కల్లు ముట్టడు. నీకెరుకే గద సారూ!" అని అతని భార్య బాలమ్మ నా మొహంలోకి చూసి ఏడ్చింది. ఆమె మాట ఎవరూ నమ్మలేదు.

బాలమ్మకు చదువు రాదు. ఇది అచ్చయితే నేనే వెళ్లి, ఊళ్లో నలుగురి ముందు చదివి వినిపిస్తాను. ఆ రోజు అంజయ్య తాగలేదు. పీట వేసుకున్నది నేను.