ఆకుపచ్చ డ్రెస్ నా చేతిలో ఉండగా

ఖమ్మంలో ఒక బట్టల దుకాణంలో ట్రయల్ రూమ్ దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. లోపలికి వెళ్ళే ఆడవాళ్ళ చేతిలో ఎన్ని డ్రెస్సులున్నాయో చూసి, ఆ అంకె ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ ఇస్తాను. బయటికి వచ్చాక బిళ్ళ తీసుకుని బట్టలు సరిచూసుకుంటాను. గొప్పగా చెప్పుకునే పనేం కాదు గాని, ఇన్నేళ్ళు చేశాక మనుషుల మీద నమ్మకం మాత్రం మిగలదు. చీర కింద కొత్త లెగ్గింగు తొడుక్కుని వచ్చి, పోతూ పోతూ నాకే "వస్తనక్కా" అని చెప్పినవాళ్ళను చూశాను. అద్దాన్ని కూడా నమ్మను. మా ట్రయల్ రూమ్ అద్దం కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. అందులో ఎవరైనా సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. దాన్ని అలా బిగించిన రోజు నేను అక్కడే ఉన్నాను. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను ఒక కన్ను తెరిచే ఉంచుతాను. చెప్పులు బయట ఉంటాయి కదా.

మాకు ఒక్కతే బిడ్డ. చర్ల దగ్గర నర్సు. ఆసుపత్రిలో ఒకచోట ఉండి చేసే పని కాదు. వాగులు దాటి అడవిలో ఊళ్ళకు పోయి పిల్లలకు టీకాలు వేయాలి, గర్భిణులను చూసి రావాలి. కాంట్రాక్టు ఉద్యోగం. నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. నిరుడు వాగు దాటుతూ జారిపడి మోకాలు చీరుకుపోయిందని ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. "ఇంకోసారి ఏమన్న అయిందని తెలిస్తే నేనే వచ్చి నీ పెట్టె సదురుత. రిజైన్ ఇచ్చి బస్సెక్కుడే" అన్నాను. అప్పుడే ఒక షరతు కూడా పెట్టాను. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు ఒక ఫోటో తీసి పంపాలి. బాగున్నానని నోటితో ఎవరైనా అంటారు. ఫోటో అయితే కళ్ళతో చూసుకోవచ్చని నా లెక్క.

మొన్న ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు తన డ్రెస్సులన్నీ మంచం మీద ఒక్కొక్కటే పరిచి ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటూ కూర్చుంది. ఏం చేస్తున్నావని అడిగాను.

"ఇగ నీ నౌకరి పోతది చూడమ్మా" అని నన్ను ఉడికించింది. "మన బట్టలు మనం ఏస్కోకుండనే, ఏస్కుంటే ఎట్లుంటయో ఏఐ చూపిస్తది. ట్రయల్ రూమే అక్కర్లే."

తన ఫోటో ఒకటి అందులో పెట్టి, మంచం మీదున్న పసుపు చుడీదార్ ఫోటో దానికి జత చేసింది. ఫోన్‌లో కాసేపు చక్రం గిరగిరా తిరిగాక, పసుపు చుడీదార్ తొడుక్కున్న నా బిడ్డ కనిపించింది. నా ఎదురుగా కూర్చున్న పిల్ల మాత్రం నైటీలోనే ఉంది.

"లోపలికి ఎవ్వరు పోకుండ బయటికెట్ల వచ్చింది?" అన్నాను.

అది పడీ పడీ నవ్వింది. వద్దంటున్నా నా ఫోటో కూడా తీసి, నా మెరూన్ చీర నాకే కట్టి చూపించింది. చీర నాదే, ముఖం నాదే. నడుము మాత్రం నా పెళ్ళినాటిది. ఇది మా ట్రయల్ రూమ్ అద్దానికి సొంత చెల్లెలని నాకు అర్థమైపోయింది. ఈ ఫోటోలన్నీ ఎక్కడికి పోతాయని అడిగితే "ఆ కంపెనోళ్ళ దగ్గరికి" అంది, అదేదో పక్కింటికి పోయినట్టు. ఆడపిల్ల ఒళ్ళు, ఇంట్లో ఉన్న బట్టలు, మంచం, దుప్పటితో సహా ఎవడో ముక్కూ మొహం తెలియని వాడి దగ్గరికి పోవడమేమిటని గట్టిగానే అరిచాను. అది వినలేదు.

వానాకాలంలో గోదావరి పొంగింది. టీవీలో భద్రాచలం కరకట్ట పక్కన ఎర్రటి నీళ్ళు చూసి వెంటనే ఫోన్ తీశాను, చర్ల కూడా ఆ ఒడ్డునే. బిడ్డ ఫోన్ కలవలేదు. కలిసినప్పుడు మాత్రం గొంతు మామూలుగానే ఉంది. "నీళ్ళు మా దిక్కు రాలే అమ్మా. కింది ఊళ్ళోళ్ళను బడిల పెట్టిన్రు, నాకు ఆడనే డ్యూటీ" అంది. మళ్ళీ రోజూ పొద్దున ఫోటోలు రావడం మొదలైంది. ఒకరోజు పసుపు, ఒకరోజు గులాబీ, ఒకరోజు నేను కొనిచ్చిన నీలం కాటన్.

కొన్నాళ్ళు సంతోషంగానే చూశాను. తర్వాతే ఏదో తేడా కొట్టింది. ముసురు పట్టిన రోజుల్లో ప్యాంటు అంచుకు ఒక్క చుక్క బురద లేదు. కాటన్ బట్ట మీద ఒక్క ముడత లేదు. వీడియో కాల్ చేయమంటే "సిగ్నల్ లేదమ్మా, ఫోటో పోవుడే కష్టమైతుంది" అనేది. మా ఆయనకు చూపించాను. ఆయన సర్కారు బడిలో అటెండరు, ఎవరి మీదా ఏ అనుమానమూ లేని మనిషి.

"బిడ్డ నవ్వుతుంది కదనే. ఇంకేం కావాలె నీకు" అన్నాడు.

ఆ వారమే మా వీధి ఇస్త్రీ అతను ఒక మూట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. సొంతూరు పోయి చాలాకాలానికి తిరిగొచ్చాడు, ఎండాకాలంలో మేం ఇచ్చిన బట్టలు అతని దగ్గరే ఉండిపోయాయి. విప్పి చూస్తే మా ఆయన చొక్కాల మధ్య బిడ్డ ఆకుపచ్చ డ్రెస్ ఉంది. దాన్ని ఇస్త్రీకి ఇచ్చిన సంగతి బిడ్డకు గుర్తున్నట్టు లేదు, నాకూ గుర్తు లేదు. డ్రెస్ చేతిలో ఉండగానే బిడ్డకు ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు అడిగాను. "రేపు ఆ ఆకుపచ్చది ఏస్కో బిడ్డా. దాంట్ల మంచిగుంటవ్."

"సరే అమ్మా" అంది.

మర్నాడు పొద్దున ఫోటో వచ్చింది. నా బిడ్డ ఆకుపచ్చ డ్రెస్ తొడుక్కుని తలుపు దగ్గర నిలబడి నవ్వుతోంది. ఆ డ్రెస్ నా ఒళ్ళో ఉంది.

దొంగను పట్టుకుంటే నాకు లోలోపల కొంచెం గర్వంగా ఉంటుంది. ఆ రోజు అలా లేదు. ముందు ఎవడితోనో పెళ్ళి చేసుకుని ఎక్కడికో పోయిందనుకున్నాను. తర్వాత ఉద్యోగం ఎప్పుడో పోయి ఉంటుంది, హైదరాబాద్‌లో ఏ హాస్టల్లోనో ఉండి నా చెవిలో పువ్వు పెడుతోందనుకున్నాను. అసలు ఆ ఫోన్ నా బిడ్డ చేతిలోనే ఉందా అన్న ఆలోచన వచ్చింది. వెంటనే ఫోన్ చేశాను. అదే ఎత్తింది.

"ఏస్కున్నవా?"

"అవ్ అమ్మా. ఫోటో చూడలేదా?"

గొంతు దానిదే. అంత సాఫీగా నాతో అబద్ధం ఆడుతుందని నేను ఏనాడూ అనుకోలేదు. ఫోన్ పెట్టేసి దుకాణానికి సెలవు చెప్పాను. ఆకుపచ్చ డ్రెస్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కొత్తగూడెంలో బస్సు మారి, భద్రాచలంలో మళ్ళీ మారి, దారి పొడవునా బిడ్డను ఏమేం అడగాలో మనసులో వరసగా పేర్చుకున్నాను. చర్ల దారిలో బస్సాపి పోలీసులు సంచులు చూశారు. ఒక కుర్ర పోలీసు నా సంచి తెరిచి డ్రెస్ బయటికి తీసి "ఎవరిదమ్మా?" అన్నాడు. నా బిడ్డదన్నాను. సంచిలో ఇంకేమీ లేకపోవడం అతనికి నచ్చలేదు. ఒక్క డ్రెస్ పట్టుకుని ఇంత దూరం ఎందుకు పోతున్నావన్నట్టు నన్ను ఎగాదిగా చూశాడు. రోజంతా నేను మందిని చూసే చూపే అది. ఒళ్ళు మండింది గాని నోరు కట్టేసుకున్నాను.

బిడ్డ కిరాయికి ఉండే ఇల్లు నాకు తెలుసు. ఫోటోలో కనబడే నీలం తలుపు అదే. దగ్గరికి పోతే ఆ తలుపు ఒక రెక్క లేదు. గోడ మీద నా నడుము దాటి ఎత్తున బురద చార ఉంది. లోపల గదిలో ఏమీ లేదు, ఎండి పగిలిన మట్టి తప్ప. ఇంటావిడ పక్క గదిలోంచి చీపురుతో బయటికొచ్చింది.

"నర్సమ్మ వాళ్ళమ్మవా? ఇప్పుడా వచ్చుడు?" అంది. "నీళ్ళొచ్చిన నాడు మమ్మల్నందర్ని ట్రాక్టర్ ఎక్కించి బడికి పంపిందమ్మా. ముసలోళ్ళ కోసమని మళ్ళ ఎనక్కి పోయింది. తన గదికి తాళమేసి ఉండె. పెట్టె, బట్టలు, మంచం అన్ని కొట్టుకపోయినయి. ఇప్పుడు దవాఖానల్నే పంటుంది."

దవాఖానా అక్కడికి దగ్గరే. వరండాలో ఒక బల్ల మీద కూర్చుని నా బిడ్డ ఎవరో పసిబిడ్డను తూకం వేస్తోంది. ముందు గుర్తుపట్టలేదు. దాని ఒంటి మీద ఊదా రంగు కుర్తా, ఇద్దరు పట్టేంత వెడల్పుది, చేతులు మోచేతుల దాకా మడిచి ఉంది. ముఖం పీక్కుపోయి కళ్ళ కింద నల్లబడింది. పసిబిడ్డ తల్లి కోయ భాషలో ఏదో అడిగితే అదే భాషలో జవాబు చెబుతోంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళ పని అయ్యేదాకా స్తంభం పక్కనే నిలబడ్డాను. తలెత్తి నన్ను చూసింది. లేవలేదు, కూర్చున్నచోటే ఉండిపోయింది.

దారిలో పేర్చుకున్నవన్నీ మరిచిపోయాను. సంచిలోంచి ఆకుపచ్చ డ్రెస్ తీసి దాని ముందు బల్ల మీద పెట్టాను. డ్రెస్ చూడగానే దానికి అంతా అర్థమైంది.

"నీ ఒంటి మీదిది ఎవరిది?" అన్నాను.

"వరద బాధితులకని పట్నం నుంచి మూటలొచ్చినయమ్మా. అండ్లదే."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేను బట్టల దుకాణంలో పనిచేస్తుంటే, నా బిడ్డ ఎవరో విడిచిన బట్ట తొడుక్కుని తిరుగుతోంది. "ఒక్క మాట చెప్తే నాలుగు జతలు పంపకపోదునా?" అన్నాను.

"బట్టలు పంపేదానివా నువ్వు? నువ్వే వచ్చేదానివి. వచ్చి తీస్కపోయేదానివి. ఈళ్ళను ఇడిసి ఎట్ల రావాలె నేను?"

నేనే వచ్చి పెట్టె సర్దుతానని నిరుడు అన్న మాట దానికి గుర్తుంది. సర్దడానికి అక్కడ పెట్టే లేదు.

"మరి రోజూ ఆ ఫోటోలు?"

"ఫోన్ నా చేతిల ఉండె కదా. బట్టలన్ని అండ్ల ఉన్నయి. నీళ్ళల్ల పోయినయి గూడ అండ్లనే ఉన్నయి."

"బట్టలు సరే. మనిషివి?"

అది తల వంచుకుంది. "ఒక్కటే ఫోటో అమ్మా. వరద రాక ముందు తలుపు కాడ తీసుకున్నది. దానికే రోజొక్క డ్రెస్ ఏసి పంపిన. నీళ్ళల్ల నిలబడి నిలబడి కాళ్ళు పాసిపోయి పుండ్లయి నడవరాని రోజు గూడ అదే పంపిన."

అప్పుడు ఫోన్ తీసి వెనక్కి జరుపుతూ చూశాను. పసుపులో, గులాబీలో, నీలంలో, ఆకుపచ్చలో ఒకటే నవ్వు. పెదవి ఎడమ వైపు అంతే ఎత్తు, చెవి దగ్గర అదే వెంట్రుక. ఇన్నాళ్ళూ బురద లేదని చూశాను, ముడత లేదని చూశాను. ముఖం రోజూ ఒక్కటేనని చూడలేదు. వరద నీళ్ళల్లో నా బిడ్డ ఉన్నన్ని రోజులూ నేను దాని బట్టలే చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఇంకెవరి మీదా రాలేదు.

ఆ రోజు అక్కడే ఉన్నాను. దవాఖానా వంట గదిలో అన్నం వండి దగ్గర కూర్చుని తినిపించాను. సంతలో రెండు జతలు కొన్నాను. తిరుగు బస్సు ఎక్కేముందు చెప్పాను. "ఇగ ఫోటోలు వద్దు. ఫోన్ చెయ్యి. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెప్తే వచ్చెయ్ అంటవ్."

"అనను."

"ఒట్టు?"

"చర్చికి పోయే ఇల్లు మనది, ఒట్లు పెట్టం గాని, అనను."

అది నా ముఖంలోకి చూసింది. ట్రయల్ రూమ్‌లోంచి బయటికొచ్చిన మనిషిని నేనెలా చూస్తానో అలా, పైనుంచి కిందికి, ఏమైనా దాచుకుందేమోనన్నట్టు. ఆ చూపు దానికి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. నమ్మిందో లేదో మాత్రం తెలియలేదు.

తర్వాత కొన్నాళ్ళు పొద్దున్నే ఫోన్ చేసేది. "బాగున్న" అనేది, పెట్టేసేది. మళ్ళీ పాత పద్ధతేనా అని నాకు లోపల పీకుతూనే ఉండేది. ఒకరోజు నేను దుకాణానికి బయల్దేరుతుంటే ఫోన్ వచ్చింది. చిన్న గొంతుతో అంది.

"అమ్మా, జరమొచ్చింది. రక్తం చూసిన్రు, మలేరియా అన్నరు. లేవరాకుంట ఉంది."

వచ్చెయ్ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. తలుపు గొళ్ళెం గట్టిగా పట్టుకున్నాను. అవతల అది ఊపిరి బిగబట్టి వింటోంది, నాకు తెలుస్తోంది.

"ఏమన్న తిన్నవా బిడ్డా?" అన్నాను.