జాజు పూసిన కోళ్ళు

మా మందకుక్కకు పేరు లేదు. బాపు దాన్ని "కొడుకా" అని పిలిచేవాడు, నన్ను "బిడ్డా" అనేవాడు. అన్నదమ్ములు లేని లోటు అలా తీరిందని అమ్మ నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. పొద్దున వండిన గటకలో మొదటి ముద్ద ఆ కొడుక్కే పోయేది మరి. బాపే అలా పిలుస్తుంటే ఇక "అది" అనడం ఎవరికీ చేతకాలేదు. ఇంట్లో అందరికీ "వాడు" అయ్యాడు.

కళ్ళు తెరిచిన కొత్తలోనే వాణ్ణి గొర్రెల మధ్య వదిలి, గొర్రెపాలు పట్టి పెంచాడు బాపు. అలా పెరిగిన కుక్క తానూ మందలో ఒకడిననే అనుకుంటుంది. గొర్రెపిల్లలు మీదెక్కి తొక్కినా కిక్కురుమనడు, పరాయి కుక్క మందవైపు చూస్తే మాత్రం పేగులు తీస్తాడు. ఏడాదిన్నర దాకా చేలల్లో, గుట్టల పక్కన మందతోనే బతికాడు. కోడి అనేది ఒకటుంటుందని వాడికి తెలియదు.

తెలిసింది సకల జనుల సమ్మె రోజుల్లో. చేలన్నీ పైరు మీదున్నాయని మందను మా ఇంటి వెనక దొడ్లోకి తోలుకొచ్చాం. మాది పెగడపల్లి పక్క ఊరు. బస్సులు ఆగిపోయాయి, జగిత్యాలలో నేను చదివే కాలేజీ మూతపడింది. మందతో పాటు నేనూ దొడ్లోకి చేరాను.

దొడ్డి గోడకు అవతల ఖాలా ఇల్లు. ఆమెను ఊరంతా ఖాలా అనే పిలిచేది. బీడీలు చుట్టుకుని బతికే ఒంటరి మనిషి. ఒక్కతే కూతురు, సిరిసిల్లలో ఉంది, అల్లుడు సాంచాల మీద బట్ట నేస్తాడు. కూతురికి నెలలు నిండుతున్నాయి. బాలింతకు పెట్టాలని ఖాలా పన్నెండు నాటుకోళ్ళను గింజలేసి పెంచుతోంది. సమ్మెతో కోరుట్ల నుంచి తునికాకు రావడం ఆగిపోయి, ఆమె ఒళ్ళో చేట ఖాళీగా ఉండేది. పొద్దంతా ఆ కోళ్ళను చూసుకోవడమే ఆమె పని.

మా వాడు పది రోజుల్లో మూడు కోళ్ళను చంపాడు. ఒక్కటీ తినలేదు. ఎగిరేదాన్ని పట్టుకుని, ఆడుకుని, కదలకపోయేసరికి విసుగొచ్చి వదిలేశాడు. ఖాలాకు అదే ఎక్కువ మండింది.

"తిననీకి సంపితె ఆకలైందనుకుందు! ఆటకు సంపుతడా? గీ మందకుక్కన్న ఉండాలె ఊళ్ళె, నేనన్న ఉండాలె!" అని వీధిలో నిలబడి ఏడ్చింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. రోడ్డు మీద వంటావార్పుకు పరిచిన చాపలే తెచ్చి మా వాకిట్లో వేసుకున్నారు. ఇంకొక్క కోడి చచ్చిందా, కుక్కను కోనరావుపేట దగ్గరున్న మా మేనమామ మందకు పంపెయ్యాలి. ఇదీ తీర్పు. వినడానికి పెద్ద శిక్షలా ఉండదు. కానీ వీడికి ముందున్న కుక్కను అలాగే ఇంకో మందకు ఇస్తే, తిండి ముట్టక, వచ్చిన దారివైపే చూస్తూ నెలలోపు చచ్చిపోయింది. బాపు ఆ పూట గటక ముట్టలేదు. గొంగడి భుజాన వేసుకుని దొడ్లో వాడి పక్కన కూర్చున్నాడు.

సలహాలకేం కొదవ లేదు. చచ్చిన కోడిని కుక్క మెడకు కడితే ఆ కంపుకు జన్మలో కోడి జోలికి పోదని అందరూ చెప్పారు. కట్టాం. మా వాడు సభలో దండ వేయించుకున్న నాయకుడిలా ఛాతీ విరుచుకుని తిరిగాడు. విప్పబోతే గుర్రుమన్నాడు. కంపుకు గొర్రెలు వాడి దగ్గరికి రావడం మానేశాయి తప్ప, వాడికి పీసరంత సిగ్గు రాలేదు. మూడో రోజున బాపే ముక్కు మూసుకుని ఆ దండ కోసేశాడు.

నాకు ఉపాయం తట్టింది మాత్రం ఒక గొర్రె ఈనినప్పుడు. మా దగ్గర మందలో పిల్ల పుడితే వీపు మీద జాజు, అదే ఎర్రమన్ను, పూస్తాం. అది మా మంద గుర్తు. పూశాక బాపు ఆ ఎర్రటి చేతిని కుక్క ముక్కు దగ్గర పెట్టి, తర్వాత పిల్లను వాసన చూపించి, "మనదిరా కొడుకా" అంటాడు. ఆ క్షణం నుంచి ఆ పిల్ల కుక్క పూచీ. కోళ్ళకు జాజు పూస్తే? బాపుతో అంటే పడీ పడీ నవ్వాడు. "కోడిని మందల కలుపుతవా బిడ్డా? రేపు బొచ్చు గూడ కత్తిరిస్తవేమో" అన్నాడు. నవ్వుతూనే జాజు ముంత ఇచ్చాడు.

ఖాలా నవ్వలేదు. "నా కోళ్ళకు మీ గుర్తేంది? రేపు మీ మందలయే అంటె నేనెవలకు చెప్పుకోవాలె?" అంది. బతిమాలితే ఒక్క ముసలి పెట్టను ఇచ్చింది, అదీ మొహాన విసిరికొట్టినట్టు. ఆముదంలో జాజు కలిపి దాని వీపుకు పూసి, చంకలో పట్టుకుని రోజూ రెండు పూటలా వాడి ముందు కూర్చున్నాను. "మనదిరా కొడుకా" అనడానికి మొదట నాలుక తిరగలేదు. అసూయ కదా! నాలుగు రోజులకు అలవాటైంది, వాడికీ, నాకూ. అప్పుడు ఖాలా ఇంకో రెండు ఇచ్చింది. తర్వాత అన్నిటికీ పూశాను.

ఒక రోజు వీధంతా గోల. మా వాడు మూతి నిండా ఎరుపుతో వాకిట్లో నిలబడ్డాడు. "సంపిండు, మల్ల సంపిండు" అని జనం పోగయ్యారు. ఖాలా ఒక్కో కోడినీ పట్టి చూసింది. తొమ్మిదీ ఉన్నాయి, కానీ ముసలి పెట్ట వీపు మీద జాజు లేదు. గొర్రెపిల్లను నాకినట్టే దాన్ని శుభ్రంగా నాకేశాడు. అందరూ నవ్వారు. ఖాలా పెదవులు బిగించుకుని లోపలికి పోయింది. ఎంత రాతిగుండె అనుకున్నాను.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఊరంతా తెలంగాణ రావాలని సమ్మె చేస్తుంటే, నేను కుక్క కోసం సమ్మె ఆగకూడదని కోరుకున్నాను. కాలేజీ తెరిస్తే వాడిని కనిపెట్టుకుని ఉండేదెవరు? బతుకమ్మ చుట్టూ తెలంగాణ పాటలు పాడుతూ చప్పట్లు కొడుతున్నా, నా చూపు దొడ్డి గోడ మీదే. గోడ అవతల ఖాలా బస్సు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. కూతురు కన్నదని ఫోన్ వచ్చింది, ఆడపిల్ల. కోళ్ళను ఎత్తుకుని సిరిసిల్ల పోయే దారి లేదు. అది తెలిసీ నా కోరిక మారలేదు. అంత మొండిదాన్ని.

వానలు మాత్రం నా మీద దయచూపాయి. ఎంత ముసురు పట్టినా, పొద్దున చూస్తే కోళ్ళ వీపులు ఎర్రగానే ఉండేవి. ఆముదం కలిపిన నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

సమ్మె ఆగుతుందని వార్త వచ్చిన సాయంత్రం ఖాలా కోళ్ళన్నిటినీ మా దొడ్లోకి వదిలింది. పెద్దమనుషుల ముందు, ఖాళీ చేట ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది. మా వాడు లేచాడు. వాడు పోయి ఒక్కోదాన్నీ వాసన చూసి, వాటి మధ్యే పడుకున్నాడు. ముసలి పెట్ట వచ్చి వాడి చెవిలో గోమారు పురుగును పొడుచుకు తింది. బాపు గొంగడి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఖాలా చేట ఎత్తుకుని కోళ్ళను ఇంటికి తోలుకుపోయింది.

తెల్లవారి మొదటి బస్సు. నేను జగిత్యాలకు, ఖాలా అక్కడ బస్సు మారి సిరిసిల్లకు. ఆమె కాళ్ళ దగ్గర గంపలో తొమ్మిది కోళ్ళు. బస్సు ఊరు దాటిందో లేదో, వెనక మా వాడు. నాలుక బయటపెట్టి, చెవులు వెనక్కి వాల్చి, ప్రాణం పోయేలా పరుగెత్తుతున్నాడు. ఇన్నాళ్ళ కష్టం ఊరికే పోలేదనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

"చూడు ఖాలా, నన్ను ఇడిసి ఉంటలేడు" అన్నాను.

"నీకోసం కాదు బేటీ. నా కోళ్ళకోసం ఉరుకుతుండు. గిప్పుడు గివి వాని మంద గదా" అంది ఖాలా.

నిజమే. కోడి అరిచినప్పుడల్లా వాడు ఇంకా గట్టిగా ఉరుకుతున్నాడు. ఖాలా కిటికీలోంచి సగం బయటికి వంగి చెయ్యి ఊపింది. "ఇంటికి పో కొడుకా! అలిసిపోతవ్, ఇంటికి పో!" వాడు మెల్లమెల్లగా ఆగి, రోడ్డు మీదే నిలబడిపోయాడు.

ఆమె చెయ్యి లోపలికి తీసుకున్నప్పుడు చూశాను. తంబాకుతో పసుపెక్కి ఉండాల్సిన వేళ్ళు గోళ్ళ సందుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఖాలా, జాజు?"

ఆమె చేతిని కొంగులో దాచుకోబోయింది. "వాన పడ్డప్పుడల్ల కొట్టుకపోయేది. నువ్వేమో బారెడు పొద్దెక్కినంక లేస్తివి. వాడు పొరపాటున ఒక్కదాన్ని ముట్టినా, పంపుతురు. పదిమందిల కోపంల అన్న మాట, మల్ల వద్దంటె ఎవలింటరు?"

నేను ఆ చేతిని కొంగులోంచి తీశాను. జగిత్యాల వచ్చేదాకా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.