పైన ఆరిన బొమ్మ

ఆ సాయంత్రమే విజయవాడలో చిత్రాల ప్రదర్శన. విశాఖ నుంచి బస్సులో నా బొమ్మని ఒళ్లో పెట్టుకుని వస్తున్నాను. అందులో మనుషులూ చెట్లూ లేవు. పొర మీద పొరగా మందంగా వేసిన బూడిదరంగు, అంతే. హనుమాన్ జంక్షన్‌లో ఎండుచేపలమ్మే పెద్దావిడ ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. బస్సు కుదుపుకి బొమ్మ మీది గుడ్డ జారింది. నేను సర్దేలోపే ఆవిడ బొటనవేలితో రంగుని గట్టిగా నొక్కింది.

"ముట్టుకోకండి!" అని అరిచాను. బస్సులో అందరూ మా వైపు తిరిగారు.

ఆవిడ బెదరలేదు. "పైనే ఆరిందమ్మా, లోపల పచ్చిగానే ఉంది. మేం చేపనైనా ఇట్టా నొక్కి చూడందే బుట్టకెత్తం. ఆరకుండా ఎత్తితే లోపల్నించి కుళ్లిపోద్ది. అంత తొందరేమొచ్చింది?"

కోపంగానే నేనూ నొక్కాను. వేలు దిగబడింది. తేదీ ముంచుకొస్తోందని ఒక పొర ఆరకముందే ఇంకోటి వేసిన సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

బెంజ్ సర్కిల్‌లో దిగుతుంటే నిర్వాహకుడి ఫోను. "వచ్చేశారా అండీ? మీ గోడ ఒక్కటే ఖాళీగా ఉంది."

"నేను వచ్చేశానండీ. బొమ్మ ఇంకా ఆరలేదు," అన్నాను. "గోడని ఖాళీగానే ఉంచండి."