కరుణ వదిన బిగించిన జాయింటు

నిన్న ఉదయం మార్కెట్లో బెండకాయలు ఏరుతుంటే ఫోన్ మోగింది. వదిన కూతురు స్టెల్లా.

"అత్తా, అమ్మ ఇక లేదు" అంది.

బెండకాయలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఎక్కడికమ్మా అని డ్రైవర్ రెండుసార్లు అడిగాడు. రెండోసారికి గుణదల అన్నాను.

మొన్న ఆదివారం చర్చి మెట్లు నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కిన మనిషి!

కరుణ మా ఆయనకు అక్క. నాకు వదిన. మీలో చాలామందికి ఆమె టైలర్ కరుణమ్మగానే తెలుసు. మీ జాకెట్లు కుట్టిన చేతులు ఇంకో పని కూడా చేశాయని చెప్పడానికే ఈ పోస్ట్.

డెబ్బైల చివర్లో మాట. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది కాలేదు.

వదిన భర్త జోజి అన్నయ్య షిప్పులో పనిచేసేవాడు. ఆయన సముద్రం మీద ఉన్నన్నాళ్లూ వదిన మాతోనే, పుట్టింట్లోనే ఉండేది. ముందు గదిలో మెషీన్ పెట్టుకుని కుట్టేది.

ఆసారి లీవుకి వస్తూ అన్నయ్య ఒక ఫారిన్ సెట్టు తెచ్చాడు. ఇంట్లో బీరు పట్టుకునే ట్యాప్, స్టీలు క్యాను, ప్లాస్టిక్ ట్యూబులు.

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఈ ఇంట్లో బీరు పారదు. సోడా పారితే పారనివ్వండి."

అలా అది సోడా మెషీన్ అయింది. గుణదల మాత పండగకి మా వీధిలో నడిచి వెళ్లే యాత్రికులకు చల్లటి నిమ్మ సోడా పోద్దామని ప్లాన్. అన్నయ్య సోడా ఫ్యాక్టరీ నుంచి రెండు గ్యాస్ సిలిండర్లు తెచ్చి, వెనక గదిలో అన్నీ బిగించాడు.

ఆ జాయింట్లకు మరలు లేవు, క్లిప్పులు లేవు. ట్యూబును లోపలికి నెడితే చాలు, రబ్బరు రింగు పట్టుకుంటుంది.

పట్టుకోవాలి.

పండగకి ముందు రోజు మధ్యాహ్నం మామయ్యగారు భోంచేసి ఆ గదిలోనే చాప వేసుకుని పడుకున్నారు. ఎండ రాకుండా తలుపు, కిటికీ మూసుకున్నారు.

టీ తీసుకుని వదిన వెళ్లింది. "నాన్నా" అని పిలిచింది. ఆయన కళ్లు సగం తెరిచారు గానీ మాట లేదు.

వదిన అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. కిటికీ తోసేసి, చాపతో సహా ఆయన్ని వరండాలోకి లాగింది. నేను కాళ్ల వైపు పట్టుకున్నాను. గుమ్మం దాటేసరికి నాకే తల తిరిగింది.

గాలి తగిలాక, చాలాసేపటికి, "ఏమైందే?" అన్నారు మామయ్యగారు. ఇద్దరం అక్కడే కూలబడి ఏడ్చాం.

పక్కింటి కాంపౌండర్ గారు వచ్చి చూశారు. "సోడా గ్యాసండీ. వాసన రాదు, నేలనే పట్టుకుని ఉంటుంది. ఇంకో గంట ఉంటే కష్టమయ్యేది" అన్నారు.

మొదటి సిలిండర్ మొత్తం గదిలోకి లీక్ అయిపోయింది.

జోజి అన్నయ్య ముఖంలో రక్తం లేదు. సెట్టంతా ఎత్తుకుని, కాలవలో పారేస్తానని బయల్దేరాడు. వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పారేస్తే తప్పెక్కడుందో తెలుస్తుందా? ఇలా పెట్టండి."

వరండాలో, గాలి ఆడేచోట కూర్చుంది. ట్యూబు ఊడదీసి దాని కొస చూసింది. నన్నూ చూడమంది. అన్నయ్య ప్లయర్‌తో నొక్కి కోశాడు. కొస ఏటవాలుగా ఉంది, కొంచెం నలిగింది కూడా.

"గుడ్డ వంకరగా కత్తిరిస్తే అతుకు కుదురుతుందా?" అంది.

కొత్త బ్లేడుతో నిటారుగా కోసింది. అంచు గరుకు లేకుండా రుద్దింది. జాయింటు లోతు కొలిచి, ట్యూబు మీద టైలరింగ్ చాక్‌తో గీత పెట్టింది. తడి చేసి నెట్టింది. కొంచెం వెళ్లి ఆగింది. అన్నయ్య అక్కడే చాలనుకున్నాడట. వదిన ఇంకా నెట్టింది. గీత దాకా వెళ్లింది. వెనక్కి లాగి చూసింది, రాలేదు.

రెండో సిలిండర్ తిప్పి, ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసింది. మూడింటి మీద నురగ కదల్లేదు. నాలుగోది బుడగలు కక్కింది.

గ్యాస్ కట్టేసి, లోపలున్నది వదిలేసి, దాన్ని ఊడదీసింది. ట్యూబు మీద వెంట్రుకంత గీరు. ఆ ముక్క కోసిపడేసి మళ్లీ బిగించింది. ట్యూబు బరువు జాయింటు మీద పడకుండా మేకుకి కట్టింది.

మళ్లీ నురగ. ఒక్క బుడగ లేదు.

మర్నాడు యాత్రికులు మా వాకిట్లో క్యూ కట్టారు. మొదటి గ్లాసు మామయ్యగారు తాగి, "ఘాటుగానే ఉందే" అన్నారు.

ఖాళీ సిలిండర్ల కోసం సోడా ఫ్యాక్టరీ ఓనర్ గారు వచ్చి జాయింట్లు వంగి వంగి చూశారు. "ఎంత నీట్‌గా ఉన్నాయండీ! మీరే బిగించారా జోజి గారూ?"

వీధిలో అంత మంది ఉన్నారు. అన్నయ్య ఔననేస్తే అడిగేవాళ్లు లేరు.

"నేను బిగించింది మామగారి ప్రాణం మీదికి తెచ్చిందండీ. ఇది మా ఆవిడ పని."

వదిన తల వంచుకుని గ్లాసులు కడుగుతూనే ఉంది. కానీ నవ్వింది. నేను చూశాను.

తర్వాత ఆ ఫ్యాక్టరీలో ఎక్కడ గ్యాస్ లీకైనా వదినకే కబురు. మొదటిసారి నేనూ రిక్షాలో తోడు వెళ్లాను. "టైలరమ్మ వచ్చిందిరోయ్" అని పనివాళ్లు నవ్వారు. సాయంత్రానికి "అమ్మగారూ, ఇది కూడా ఓసారి చూడండి" అని వెంట తిరిగారు.

ఏ స్కూలూ నేర్పలేదు. ఏ సర్టిఫికెట్టూ లేదు. మా వదిన!

ఇవాళ నాలుగింటికి గుణదలలో ప్రార్థన. తెలిసినవాళ్లు రండి.

నీకు మరదలినైనందుకు గర్వపడుతున్నాను వదినా. ఎంతో కష్టపడ్డావు, ఇక విశ్రాంతి తీసుకో. మరియ తల్లి ఒడిలో నీకు చల్లగా ఉండాలి.