లైబ్రరీలో ఐరిష్ సోమవారాలు

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచాక, దుబాయ్‌లో నేను లైబ్రేరియన్‌గా పనిచేసే స్కూల్లో ఒక ఐర్లండ్ టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. సోమవారాలు బడి వదిలాక కాసేపు లైబ్రరీ తెరిచి ఉంచగలవా అని అడిగింది. ఐరిష్ భాష వచ్చిన కొందరు కూర్చుని మాట్లాడుకోవాలట. ప్రిన్సిపల్ ఒప్పుకున్నారు కానీ, ఎవరో ఒకరు ఉండాలన్నారు.

ఉన్నాను. నేనుండే అజ్మాన్‌కు వెళ్లే స్టాఫ్ బస్సు తప్పిపోయేది. ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి స్టవ్ వెలిగించే ఓపిక కూడా మిగిలేది కాదు.

వచ్చేది టీచరమ్మ, ఒక నర్సు, ఒక ఇంజనీరు, చిన్న కూతురితో ఒక తల్లి. ఐరిష్ ఇంటిభాషగా నిలిచిన పల్లెలు వాళ్ల దేశంలో కొన్ని ఉన్నాయట. వీళ్లెవరూ అక్కడివాళ్లు కారు.

"మాది పట్నం. బళ్లో నేర్చుకున్నాను. ఆ పల్లెల్లో నేను మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తారు," అని నవ్వింది టీచరమ్మ. నాకు నవ్వు రాలేదు.

స్కూలుకు తాళాలు వేసే జగిత్యాల కుర్రాడు ఒకరోజు గుమ్మంలో నిలబడి విన్నాడు.

"గదేం భాషక్కా?"

"ఐరిష్."

"ఇంగ్లీషొచ్చినోళ్లకు మల్ల గదెందుకు?"

"మా అబ్బాయి తెలుగు గురించి ఇదే అడుగుతాడు," అన్నాను.

"ఏమోనక్కా. జల్దీ ఖలాస్ చెయ్యమను, తాళమెయ్యాలె."

ఇంజనీరుకు సౌదీ బదిలీ అయింది. నర్సు డ్యూటీలు మారాయి. చివరికి టీచరమ్మే కాంట్రాక్టు ముగించుకుని వెళ్లిపోతూ, "వారం వారం అందర్నీ బతిమాలి విసిగిపోయాను. ఇక మూసేద్దాం," అంది. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది.

మరుసటి సోమవారం ఆ తల్లీ కూతుళ్లు వచ్చారు.

"ఇక లేదని టీచరమ్మ చెప్పలేదా?" అన్నాను.

"చెప్పింది. కానీ ఇంట్లో నేనొక్కదాన్నే మాట్లాడితే, ఇదంతా అమ్మ పిచ్చి అనుకుంటుంది పాప. ఇంకో మనిషి వింటే పలుకుతుంది."

"నాకు రాదు కదమ్మా."

"వింటే చాలు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పాప బొమ్మల పుస్తకంలో పిల్లిని చూపించి ఏదో అంది. నేను తప్పుగా పలికాను. పకపకా నవ్వి, మళ్లీ చెప్పింది.

ఇంకా వస్తూనే ఉన్నారు. నాకు అర్థమయ్యేది తక్కువ. కొన్ని సోమవారాలు కూర్చున్నచోటే కునుకు పడుతుంది. పాప నా మోచెయ్యి తట్టి, తన భాషలోనే ఏదో అడుగుతుంది.