నా వేలికున్న ఆముదం

ఆరేళ్లుగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు, ఎవరికి చెప్పాలో ఆ మనిషికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. పాప నిద్రపోయింది. లేచేలోగా రాసేయాలి.

అప్పుడు నేను నిజామాబాదులో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుని. పాపకు అయిదో నెల. "చంటిపిల్ల తల్లివి, పని మీద ధ్యాస నిలుస్తదా?" అని ప్రాజెక్టు నడిపే సారు ఇంటర్వ్యూలోనే అడిగారు. నిలుస్తుందన్నాను. ఇంట్లో అత్తమ్మ అదే ప్రశ్న రోజుకో రకంగా అడిగేది. ఒక్క తప్పు దొరికితే చాలు, నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి రెండు చోట్లా కాచుకుని ఉన్నారనిపించేది. నిజంగా కాచుకుని ఉన్నారా? ఇప్పుడు చెప్పలేను.

పని ఇది. అయానిక్ లిక్విడ్ అని ఒక ద్రవం. నిజానికి అది ఉప్పే, కానీ మామూలు వేడికే ద్రవంగా, చెరుకు పాకంలా చిక్కగా ఉంటుంది. దాన్ని గాజు ట్యూబులో పోసిన పెట్రోలు జాతి హైడ్రోకార్బన్‌లోకి సూది గుండా బొట్టుబొట్టుగా వదలాలి. రెండూ కలవవు. వాటి మధ్య తన్యత, అంటే రెండూ తాకే చోట ఉండే బిగువు, ఎంత ఎక్కువుంటే బొట్టు అంత పెద్దదై తెగుతుంది. ఆ బొట్టు బరువును బట్టి తన్యత తేలుతుంది. సూది మొనకు ఇసుమంత జిడ్డో సబ్బో తగిలిందంటే బొట్టు ఎదగకముందే తెగిపోతుంది. ఇది నాకు తెలుసు. నా రికార్డు మొదటి పేజీలో నేనే రాసుకున్నాను.

గాజు సామాను కడిగేది రూతమ్మ. రుద్రూర్ వైపు మనిషి. రోజు కూలీ మీద చేసేది. ఆ ఏడు పర్మనెంటు చేస్తామని ఆశపెట్టారు. నేను రూతక్కా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం స్టోరు గదిలో నేను పాలు పిండుకుంటుంటే తలుపు దగ్గర కాపలా కూర్చునేది. నేను బొట్టు కోసం రెప్ప వేయకుండా చూస్తుంటే, "గీ బొట్టు వడేటాలకు నా బిడ్డ పెండ్లి గూడ అయితది" అని నవ్వేది. పాప కాళ్లు సన్నగా ఉన్నాయని బాధపడితే ఇంట్లో వండిన ఆముదం సీసా తెచ్చిచ్చింది. రోజూ పొద్దున ఆ ఆముదంతో పాపకు ఒళ్లు రుద్ది, స్నానం చేయించి, నా చేతులు గబగబా కడుక్కుని బస్సుకు పరుగెత్తేదాన్ని.

చిక్కటి ద్రవం కదా, సూది మొన పక్కకు పాకుతుంది. జిడ్డును కరిగించే హెక్సేన్‌తో తడిపిన కాగితంతో తుడవాలి. నేను తొందరలో వేలితో తుడిచేదాన్ని. ఒకసారి కాదు. దాదాపు రోజూ.

బొట్లు చిన్నవయ్యాయి. సారు అంతకుముందు తీసిన విలువలకూ నా విలువలకూ పొంతన లేదు. మూడు వారాల పని దండగైంది. అప్పుడు సింకు పక్కనున్న సబ్బుపొడి డబ్బా సారు కంటబడింది.

"రూతమ్మా, ట్యూబులు దీంతోనే కడుగుతున్నవా?"

"లేదు సారూ. గా పొడి చాయ గిలాసలకు. ట్యూబులకు మీరిచ్చే ఆసిడు, ఉడుకునీళ్లు. గంతే."

"మరి బొట్లెందుకు పాడైనయ్? సబ్బు నడుసుకుంట వచ్చిందా?"

"నాకేమెరుక సారూ. దేవుని తోడు, నేను వెట్టలె." ఆమె నా వైపు తిరిగింది. "నువ్వన్న జెప్పు బిడ్డా. నేనెట్ల కడుగుతనో రోజు సూస్తవు గద."

సారు కూడా నన్నే చూశారు.

"నేను గమనించలేదు సార్" అన్నాను.

అబద్ధం. రోజూ చూశాను. ఆమె అంత శుభ్రంగా కడిగేవాళ్లను నేను చూడలేదు. అయితే తప్పు నా వేలిదని అప్పటికే తెలుసా? తెలియదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ మాట అంటున్నప్పుడు నా కుడిచేయి కొంగులోకి పోయింది. తెలియని మనిషి చేయి ఎందుకు దాచుకుంటుంది?

మరుసటి వారం నుంచి ఆమెను రావద్దన్నారు.

ఆ తర్వాతే, ఎవరూ లేనప్పుడు చూశాను. హెక్సేన్ కాగితంతో తుడిస్తే నిండు బొట్టు. పొద్దున పాపకు ఆముదం రాసిన వేలు తగిలిస్తే చిన్న బొట్టు. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. ఆ రోజు నుంచి సూదిని వేలితో ముట్టలేదు. ఆ జాగ్రత్తే ఆమె మెడకు చుట్టుకుంది. విలువలన్నీ కుదిరాయి. సారు సంబరంగా, "సూసినవా, ఆమె పోంగనె రీడింగులెట్ల కుదిరినయో!" అన్నారు. నేను తల ఊపాను. సరైన బొట్టు పడిన ప్రతిసారీ రూతక్క తప్పు చేసిందని నేను ఇంకోసారి రుజువు చేస్తున్నట్టే ఉండేది. పాడు చేయలేను, చెప్పలేను. రిపోర్టులో నా పేరు వచ్చింది. అత్తమ్మ నలుగురికీ చూపించింది.

పోయిన వారం బోధన్ బస్టాండులో రూతక్క కనిపించింది. చెరుకు కొట్టి వస్తోంది. చేతుల నిండా గీతలు. నన్ను కాదు, ముందు పాపను చూసింది. వంగి కాళ్లు తడిమి, "ఆముదం పని జేసింది సూడు, ఎంత గట్టివడ్డయో" అంది. నిష్ఠూరం లేదు. నేను నోరు తెరిచాను. "బాగున్నవా అక్కా" అన్నాను. అంతే వచ్చింది. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

రుద్రూరుకు రోజూ బస్సులున్నాయి. వెళ్తానా? వెళ్తానని రాస్తే ఇంకో అబద్ధం అవుతుందేమోనని భయం.

రూతక్క సబ్బు వాడలేదు. సూదిని ముట్టిన వేలు నాది. ఈ రెండు మాటలు రాయడానికి ఆరేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. నాకు. ఆమెకు కాదు.